నమూనా విమానానికి తూకం – కొత్త చోదకునికి తొలి పాఠం

(ప్లాటినం జూబిలీ సందర్భంగా ఏర్పాటైన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ విద్యాలయ ప్రస్థానాన్ని స్మరించుకొనే వేళ ఒక నమూనా విమానం బరువును గురించి ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. బెంగళూరులో పెరిగే పిల్లలకు మాత్రం ఈ సందేహం రాదు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వెలసిన నాటి నుంచి ఈ నగరానికీ విమానానికీ విడదీయరాని సంబంధం ఏర్పడింది. ఆ కర్మాగారంలో కొలువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. జక్కూరు మైదానం నుంచి లేచే శిక్షణ విమానాలనూ, 1996లో మొదలైన యెలహంక వైమానిక ప్రదర్శననూ మేడల మీద నిలబడి చూస్తూ పెరిగిన పిల్లలున్నారు. వారి చేతుల్లో మొదట కాగితపు విమానం, తరువాత థర్మకోల్ గ్లైడరు, ఆ పైన రేడియో తరంగాలతో నడిచే నమూనా విమానం రావడం సహజమే.

నమూనా విమానం చిన్నదిగా ఉన్నంతకాలం తప్పు జరిగితే విరిగేది ఒక రెక్కో, ఒక పంకా రేకో. చోదకునికి కొంత చేయి తిరిగి, రెండు మీటర్లకు పైబడిన రెక్కలు గల పెద్ద నమూనాకు పూనుకొన్నప్పుడు సంగతి వేరు. ఆ దశలో అతడు నేర్వవలసిన మొదటి విద్య గాలిలో ఎగిరించడం కాదు, నేలమీద తూచడం.

బండి, కాడి, గరిమనాభి

ఒక వస్తువులోని బరువంతా ఒకే చోట కూడి ఉన్నట్లు భావించదగిన బిందువు ఒకటి ఉంటుంది. పాత తెలుగు వాచకాలు దాన్ని గరిమనాభి అన్నాయి, ఇటీవలివి గురుత్వ కేంద్రం అంటున్నాయి. మాట ఏదైనా, దాని అర్థం పల్లెటూరి బండివానికి బడి చదువు లేకుండానే తెలుసు. రెండెడ్ల బండిలో ధాన్యపు బస్తాలు వెనుక భాగాన ఎక్కువగా వేస్తే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడలను వదిలి పైకి తేలుతుంది, పలుపులు గొంతులకు బిగుసుకొంటాయి. బస్తాలన్నీ ముందుకు వేస్తే భారమంతా ఎద్దుల మెడలపై పడి అవి అడుగు తీసి అడుగు వేయలేవు. అందుకే తెలిసిన బండివాడు ఇరుసుకు రెండు వైపులా బరువు సర్ది, కొద్దిపాటి మొగ్గు మాత్రం కాడివైపు ఉంచుతాడు. బరువు ఏ కొంచెమైనా ముందుకే ఉండాలనేది అతని అనుభవం.

కాగితపు విమానం చేసే పిల్లలకూ ఇది తెలుసు. ముందు భాగాన్ని రెండు మూడు మడతలు పెట్టేది అందుకే. మడతలు చాలకపోతే ముక్కుకు ఒక జెమ్ క్లిప్పు తగిలిస్తారు. క్లిప్పు లేనప్పుడు తల పైకెత్తి, నిలిచి, కూలబడిన కాగితమే క్లిప్పు పెట్టాక గది ఈ కొస నుంచి ఆ కొసకు సాఫీగా సాగిపోతుంది.

ఈ చిన్న సత్యమే విమాన చరిత్రకు పునాది అయింది. 1871 ఆగస్టు 18న పారిస్ నగరంలోని త్విలెరీ ఉద్యానంలో అల్ఫాన్స్ పెనో అనే 21 ఏళ్ళ యువకుడు రబ్బరు పురితో తిరిగే పంకా గల ఒక నమూనా విమానాన్ని వదిలాడు. అది 11 సెకన్లలో దాదాపు 40 మీటర్ల దూరం తనంతట తానే నిలకడగా ఎగిరింది. రెక్కకూ, తోకకూ, గరిమనాభికీ మధ్య ఉండవలసిన పొందికను ఆయన సాధించడమే అందుకు కారణం. పెనో ఆలోచనలతో తయారైన ఒక రబ్బరు పురి ఆటవస్తువునే 1878లో అమెరికాలో ఒక తండ్రి తన ఇద్దరు కుమారులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే విల్బర్ రైట్, ఓర్విల్ రైట్.

1903 డిసెంబరు 17న రైట్ సోదరులు నడిపిన విమానం నాలుగుసార్లు లేచింది. చివరిసారి 59 సెకన్ల పాటు 852 అడుగులు సాగింది. కానీ ఆ పయనం సాఫీగా జరగలేదు. విమానం అలలపై పడవ వలె పైకీ కిందికీ ఊగుతూ పోయింది. దాని గరిమనాభి ఉండవలసిన దానికంటే వెనుకకు ఉండడమే ప్రధాన కారణమని తరువాతి పరిశోధకులు తేల్చారు. 1904లో రెండవ విమానంతో సాధన చేస్తూ ఆ సోదరులు దాని ముందు భాగంలో 70 పౌన్ల ఇనుము, అంటే దాదాపు 32 కిలోల బరువు కట్టారు. ఊగిసలాట తగ్గింది. ఎంతో శ్రమించి తేలిక చేసిన యంత్రానికి తిరిగి అంత ఇనుము మోయించడానికి వారు వెనుకాడలేదు. తేలికదనం కంటే నిలకడ ముఖ్యమని వారు గ్రహించారు.

నిలకడకు మూలం

గరిమనాభి కొంచెం ముందుకు ఉంటే నిలకడ ఎందుకు కలుగుతుంది? సమంగా ఎగురుతున్న విమానం ముక్కును ఒక గాలి విసురు కాస్త పైకెత్తిందనుకోండి. అప్పుడు రెక్కకూ, తోకరెక్కకూ గాలి తగిలే కోణం పెరిగి, రెండింటి మీదా పైకెత్తే బలం అధికమవుతుంది. ఇలా కొత్తగా చేరిన బలాలన్నీ కలిసి ఒక బిందువు వద్ద పనిచేస్తున్నట్లు భావించవచ్చు. దానికి తటస్థ బిందువు అని పేరు. విమానం గాలిలో తిరిగేది గరిమనాభి చుట్టూ కనుక, తటస్థ బిందువు గరిమనాభికి వెనుక ఉంటే ఆ అదనపు బలం వెనుక భాగాన్ని పైకెత్తి, ముక్కును తిరిగి కిందికి దించుతుంది. చోదకుడు చేయి కదపకుండానే విమానం తన పూర్వస్థితికి వస్తుంది. వాచకాల్లో చెప్పే స్థిర సమతాస్థితి ఇదే.

రెండు బిందువులూ ఒకే చోట ఉంటే విమానం తనంతట తాను సర్దుకోదు, ఎటు తిప్పితే అటే ఉండిపోతుంది. గరిమనాభి తటస్థ బిందువును దాటి వెనుకకు పోతే మాత్రం లేచిన ముక్కు ఇంకా లేస్తుంది, వంగిన ముక్కు ఇంకా వంగుతుంది. గిన్నెలో వేసిన గోలీ అడుగుకు చేరుతుంది. బోర్లించిన గిన్నె మీది గోలీ జారిపోతుంది. అంతే తేడా.

తోక గల సాధారణ శిక్షణ నమూనాల్లో గరిమనాభిని రెక్క వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉంచమని సూచిస్తారు. ఇక్కడ వెడల్పు అంటే రెక్క ముందంచు నుంచి వెనుకంచు వరకు ఉన్న కొలత. ఏ నమూనాకు ఎంత అన్నది దాని రూపకర్త ఇచ్చిన పటంలో ఉంటుంది. అది ఒకే గీత కాదు, ఒక పరిధి. ఆ పరిధిలో ముందు కొస కొత్తవారిది, వెనుక కొస అనుభవజ్ఞులది. గరిమనాభి వెనుకకు జరిగిన కొద్దీ విమానం చిన్న ఆజ్ఞకే చురుకుగా స్పందిస్తుంది, పల్టీలకూ విన్యాసాలకూ అనువుగా ఉంటుంది. ఆ చురుకుదనం చేయి తిరిగిన వానికి వరం. కొత్తవానికి అదే ముప్పు. కాబట్టి తూకం సరిపోయిందా అని అడిగితే చాలదు, ఎవరికి సరిపోయింది అని కూడా అడగాలి.

పెద్ద నమూనా, కొత్త చోదకుడు

పెద్ద నమూనాలంటే కొత్తవారికి మక్కువ కలగడంలో తప్పులేదు. అవి గాలికి తొందరగా చెదరవు, దూరానికి స్పష్టంగా కనిపిస్తాయి, నడక నిబ్బరంగా ఉంటుంది. కానీ ఒక నమూనా కొలతలన్నింటినీ రెట్టింపు చేస్తే రెక్క వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది, ఘనపరిమాణం మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. బరువూ ఇంచుమించు అదే దారి పడుతుంది. ఆ బరువును మోయడానికి అది మరింత వేగంగా ఎగరాలి. 8 కిలోల విమానం గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలోని గతిజశక్తి 1600 జౌళ్ళు. అదే బరువు 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఆరేడు అంతస్తుల మేడపై నుంచి పడితే ఎంత దెబ్బ తగులుతుందో ఇదీ అంతే. దీన్ని ఆటబొమ్మ అనడానికి వీలు లేదు.

అసలు విమానంలో కూర్చున్నవానికి ముక్కు లేవడం, వేగం తగ్గడం శరీరానికే తెలుస్తాయి. నేలమీద నిలిచి ట్రాన్స్‌మిటర్ పట్టుకొన్నవానికి కళ్ళే ఆధారం. విమానం నూరు మీటర్ల దూరంలో ఉంటుంది. ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాడు మార్పును చూచి, అర్థం చేసుకొని, వేలు కదిపే లోపల ఒక క్షణమో రెండు క్షణాలో గడుస్తాయి. ఆ రెండు క్షణాల పాటు విమానం తనను తాను నిలబెట్టుకోగలగాలి. ముందుకు ఉంచిన గరిమనాభి చోదకునికి ప్రసాదించేది ఆ వ్యవధినే.

ముక్కు బరువు మితిమీరినా ఇబ్బందే. అటువంటి విమానం నేలను వదలడానికి చాలా దూరం పరుగెత్తుతుంది, దిగేటప్పుడు వేగం తగ్గించనివ్వదు, ఎలివేటర్ ఎంత ఎత్తినా మందంగా స్పందిస్తుంది. అయినా అది చాలావరకు ఇంటికి తిరిగి వస్తుంది. తోక బరువైన విమానం చక్రాలు నేలను వదలగానే ముక్కు ఎత్తుతుంది. చోదకుడు కంగారుతో కిందికి నొక్కుతాడు. అది గభాలున వంగుతుంది. మళ్ళీ పైకి లాగుతాడు. ఈసారి మరింత లేచి, వేగం చచ్చి, ఒక రెక్క వాలి, గిరగిర తిరుగుతూ నేలకు దిగుతుంది. ఇదంతా జరగడానికి పది సెకన్లు కూడా పట్టకపోవచ్చు.

తూచే విధానం

చిన్న నమూనాను రెండు చూపుడు వేళ్ళపై నిలిపి చూడవచ్చు. రెక్క దేహానికి పైన ఉంటే విమానాన్ని మామూలుగానూ, రెక్క కింద ఉంటే తలకిందులుగానూ నిలపాలి. వేళ్ళ ఆధారం గరిమనాభి కంటే ఎత్తున ఉంటేనే అది ఊగి ఊగి నిశ్చలమవుతుంది. 8 కిలోల విమానానికి వేళ్ళు చాలవు. ఇద్దరు కలిసి రెక్కల కింద పట్టి ఎత్తినా అది ఉజ్జాయింపే. పెద్ద నమూనాకు నమ్మదగిన పద్ధతి మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టడం. వంటింట్లో వాడే అయిదు కిలోల ఎలక్ట్రానిక్ త్రాసులు ఇందుకు చాలు.

తూచే ముందు విమానం సర్వాంగాలతో సిద్ధంగా ఉండాలి. రంగులు వేయడం పూర్తికావాలి. పంకా, చక్రాలు, బ్యాటరీ, రిసీవర్, సర్వో మోటార్లు, చివరి మర వరకు ఎక్కడివక్కడ ఉండాలి. గది కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, విమానం గాలిలో ఎగిరే భంగిమలోనే సమతలంగా ఉండేటట్లు త్రాసుల కింద పలకలు సర్దాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రెక్క కొసనుంచి కొసకు 2.4 మీటర్లు, ముందంచు నుంచి వెనుకంచుకు అంతటా 40 సెంటీమీటర్లు ఉన్న విమానం ఉంది. గరిమనాభి పరిధి ముందంచు నుంచి 10 మొదలు 13.2 సెంటీమీటర్ల వరకు అని పటం చెబుతున్నది. ముక్కు చక్రం కింది త్రాసు 1.6 కిలోలు, ఎడమ చక్రం త్రాసు 3.3, కుడి చక్రం త్రాసు 3.1 చూపాయి. మొత్తం 8 కిలోలు. ముక్కు చక్రపు ఇరుసుకూ వెనుక చక్రాల ఇరుసుకూ మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ముక్కు త్రాసు చూపిన 1.6ను 60తో గుణించి, మొత్తం బరువైన 8తో భాగిస్తే 12 వస్తుంది. గరిమనాభి వెనుక ఇరుసుకు 12 సెంటీమీటర్లు ముందున్నదన్నమాట. వెనుక ఇరుసు రెక్క ముందంచుకు 25 సెంటీమీటర్లు వెనుక ఉన్నది. కనుక గరిమనాభి ముందంచుకు 13 సెంటీమీటర్లు వెనుక ఉన్నట్లు తేలింది. ఎనిమిదో తరగతి విద్యార్థి వేయగలిగిన లెక్క ఇది.

13 అనే సంఖ్య పటం చెప్పిన పరిధిలోనే ఉన్నది. అనుభవజ్ఞుడు సంతృప్తిపడి మైదానానికి బయలుదేరవచ్చు. కొత్త చోదకునికి అది వెనుక కొస. అతడు 11కు చేరాలి. అంటే గరిమనాభిని రెండు సెంటీమీటర్లు ముందుకు జరపాలి. ఇక్కడ పనికి వచ్చేది బలభ్రామకం పాఠం. 8000 గ్రాములను రెండు సెంటీమీటర్లతో గుణిస్తే 16000. కావలసిన బిందువుకు 50 సెంటీమీటర్ల ముందు, ముక్కులో సీసం పెట్టదలిస్తే 16000ను 50తో భాగించాలి. 320 గ్రాముల సీసం కావాలి. అలాకాక ఒక కిలో బరువున్న బ్యాటరీనే ముందుకు జరపదలిస్తే 16 సెంటీమీటర్లు జరిపితే చాలు. రెండో దారిలో విమానం బరువు ఒక్క గ్రాము కూడా పెరగదు. కాబట్టి ముందు ఉన్న వస్తువుల చోటు మార్చి చూడాలి, అది వీలుపడనప్పుడే సీసం జోలికి పోవాలి. పెట్టిన సీసాన్ని మరలతో బిగించాలి. వట్టి జిగురుతో అంటించినది గాలిలో ఊడితే, అసలు పెట్టకపోవడం కంటే ఎక్కువ కీడు చేస్తుంది.

ఇదే లెక్క నిర్మాణ సమయంలోనూ ఒక పాఠం చెబుతుంది. తోక గరిమనాభికి 120 సెంటీమీటర్ల వెనుక ఉన్న విమానంలో, తోక దగ్గర 100 గ్రాములు అదనంగా చేరితే దాన్ని సరిచేయడానికి ముక్కులో 240 గ్రాములు పెట్టాలి. అందుకే నిర్మాతలు తోక భాగాన్ని బాల్సా కర్రతో వీలైనంత తేలికగా మలుస్తారు.

ఎడమ కుడి చక్రాల త్రాసులు 200 గ్రాముల తేడా చూపడం కూడా గమనించాలి. చక్రాల మధ్య ఎడం 50 సెంటీమీటర్లయితే, కుడి రెక్క కొస దగ్గర, దేహం నడిమి గీతకు 115 సెంటీమీటర్ల దూరాన, దాదాపు 43 గ్రాములు పెడితే ఆ తేడా పోతుంది. కొస దూరంగా ఉంది కనుక కొద్దిపాటి బరువే చాలింది.

పెట్రోలుతో నడిచే నమూనాలను ఖాళీ ట్యాంకుతోనే తూచాలి. ఇంజను ముక్కున ఉన్న విమానాల్లో ట్యాంకు సాధారణంగా గరిమనాభికి ముందుంటుంది. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ముక్కు తేలికై గరిమనాభి వెనుకకు జరుగుతుంది. నిండు ట్యాంకుతో తూచి తృప్తిపడినవాడు, దిగవలసిన వేళకు, అంటే అతి సున్నితమైన ఘడియలో, తాను తూచని విమానాన్ని నడుపుతుంటాడు.

తొలి పయనం

తూకం పూర్తయ్యాక కూడా తొలి పయనం కొత్తవాని చేతిలో ఉండకపోవడం మేలు. అనుభవం గల చోదకుడు దాన్ని లేపి, ఎత్తుకు చేర్చి, గుణగణాలు పరీక్షించి అప్పగించాలి. నేడు రెండు ట్రాన్స్‌మిటర్లను జతచేసే ఏర్పాటు ఉంది. శిష్యుడు నడుపుతుండగా గురువు ఒక మీట వదిలితే చాలు, అధికారం తిరిగి గురువు చేతికి వస్తుంది.

చాలినంత ఎత్తులో గురువు ఒక పరీక్ష చేస్తాడు. సమంగా ఎగురుతున్న విమానాన్ని ఏటవాలుగా కిందికి వంచి ఎలివేటర్ మీట వదిలేస్తాడు. వెంటనే గట్టిగా ముక్కు ఎత్తుకొంటే గరిమనాభి బాగా ముందున్నట్లు. నిదానంగా లేస్తే కొత్తవానికి తగినట్లు. అదే ఏటవాలులో సాగిపోతే వెనుక కొసకు చేరువైనట్లు. ఇంకా వంగితే వెంటనే దించి తూకం సరిచేయాలి. ఆ తరువాత నెలలు గడిచి చేయి కుదిరిన కొద్దీ, ప్రతిసారీ మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే వెనుకకు జరుపుకోవచ్చు. జరిపిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకోవాలి. అనుభవం పెరిగినట్లే పరిధిలో స్థానమూ మారుతుంది. ఈ వరుసను తొందరపెట్టి గెలిచినవారు లేరు.

పెద్ద విమానాలకూ ఇదే ధర్మం

ఈ నియమం నమూనాలకు మాత్రమే పరిమితం కాదు. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్ విమానాశ్రయం నుంచి లేచిన ఒక చిన్న ప్రయాణిక విమానం ముక్కు ఎత్తి, అదుపు తప్పి కూలిపోయింది. అందులోని 21 మందీ మరణించారు. దర్యాప్తులో రెండు కారణాలు కలిసి కనిపించాయి. మరమ్మతు సమయంలో ఎలివేటర్ తీగల అమరికలో దొర్లిన పొరపాటు వల్ల ముక్కును చాలినంత కిందికి దించే వీలు లేకుండా పోయింది. దానికి తోడు గరిమనాభి అనుమతించిన హద్దును దాటి చాలా వెనుకకు ఉన్నది. ప్రయాణికులనూ సామానునూ నిజంగా తూచకుండా, పాత సగటు బరువులతో లెక్క కట్టారు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉన్నది. కాలక్రమాన మనుషుల బరువులు పెరిగాయి, కాగితంలోని సంఖ్యలు మారలేదు. ఆ దుర్ఘటన తరువాతనే అక్కడి విమానయాన శాఖ సగటు బరువులను సవరించింది.

తూచకుండా అంచనాతో సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే వేరే దృష్టాంతం అక్కరలేదు. నిన్న తూచిన విమానం నేటి విమానం కాకపోవచ్చు. చిన్న మరమ్మతు, కొత్త బ్యాటరీ, అదనపు రంగు, ఏది చేరినా మళ్ళీ తూచాలి.

ఏ పాఠశాలలోనైనా జరగగలిగిన ఒక సన్నివేశాన్ని ఊహించుకొందాం. ఉత్సవం రోజు. విద్యార్థులు ఏడాది పాటు శ్రమించి కట్టిన 8 కిలోల విమానం మైదానంలో ఉంది. గరిమనాభి 11 సెంటీమీటర్ల దగ్గర నిలిచేటట్లు వారం కిందటే తూచారు. ముందురోజు రాత్రి ఎవరో ఉత్సాహంతో తోక మీద చిన్న విద్యుద్దీపాల వరుసా, దానికొక బుల్లి బ్యాటరీ అమర్చారు. అన్నీ కలిపి 200 గ్రాములు. చూపులకు ముచ్చటగా ఉంది. లెక్క వేస్తే మాత్రం గరిమనాభి దాదాపు 3 సెంటీమీటర్లు వెనుకకు జరిగి 14 దగ్గరకు చేరింది, పరిధిని దాటింది. అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. మైకులో ప్రకటన వచ్చింది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ట్రాన్స్‌మిటర్ పట్టుకొన్న పదిహేనేళ్ళ కుర్రవానికి అనుమానం వచ్చింది.

ఆ కుర్రవాడు “సార్, ఇది మళ్ళీ తూచాలి. ఇప్పుడు ఎగిరించలేను” అని చెప్పగలడా? చెబితే పెద్దలు వింటారా? ఈ రెండు ప్రశ్నల మీదనే మైదానంలో కూర్చున్నవారి క్షేమం ఆధారపడి ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు ఆ విద్యార్థికి చెప్పిన చదువులో ఉంది. లెక్క తెలిసినవానికే తన అనుమానాన్ని నిరూపించే ధైర్యం వస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు తల్లిదండ్రుల దగ్గరా, ఉపాధ్యాయుల దగ్గరా ఉంది. ఆగమన్న బిడ్డను పిరికివాడని వెక్కిరించే ఇంట్లో, కార్యక్రమం చెడగొట్టావని మందలించే బడిలో, మరుసటిసారి ఆ బిడ్డ నోరు విప్పడు. ఆ రోజు విమానం ఎగరకపోయినా, దాన్ని ఆపిన విద్యార్థిని వేదిక మీదికి పిలిచి అభినందించగల పాఠశాలే విజ్ఞానాన్ని నేర్పిన పాఠశాల.

చట్టం విషయం కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. 2021లో వచ్చిన డ్రోన్ నిబంధనలు విద్య, పరిశోధన, వినోదం వంటి వాటికోసం కంటిచూపు పరిధిలోనే నడిపే 25 కిలోల లోపు నమూనా విమానాలను ప్రత్యేకంగా నిర్వచించాయి. బెంగళూరు చుట్టూ అనేక విమాన క్షేత్రాలున్నాయి. ఎక్కడ ఎగిరించవచ్చో, ఎక్కడ కూడదో ఆనాడు అమలులో ఉన్న నిబంధనలను బట్టి ముందే తెలుసుకోవాలి. జనావాసాలకు దూరంగా, చూపరులను చోదకుని వెనుక నిలిపి, అనుభవజ్ఞుల సమక్షంలోనే నడపాలి.

గరిమనాభి, బలభ్రామకం, తటస్థ బిందువు, స్థిర సమతాస్థితి. ఇవన్నీ తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల నోట తిరిగే మాటలు. పరీక్షకు వల్లించి మరచిపోయే మాటలు కూడా. ఒక విమానాన్ని మూడు త్రాసులపై నిలిపిన రోజున ఆ మాటలకు ప్రాణం వస్తుంది. తల్లి భాషలో అర్థమైన లెక్క ఏ దేశపు విమానానికైనా చెల్లుతుంది.

ఈ విద్యాలయంలో చదివే చిన్నారులు ఎత్తైన ఆకాశాన్ని కోరుకోవాలి. ఆ కోరికకు ముందు త్రాసు దగ్గర నిలబడే ఓపికనూ అలవరచుకోవాలి. వారి కట్టడాలు నిలకడగా ఎగరాలి, క్షేమంగా నేల చేరాలి.